మా వంటింటి వాలు

మా ఇల్లు నాలుగు వందల ఏళ్ల నాటిది. చెక్క చట్రం, మధ్యలో మట్టి గోడలు, పైన గడ్డి కప్పు. వంటింట్లో ఏది జారిపడినా దొర్లుకుంటూ పోయి తూర్పు గోడ దగ్గర గిన్నెల అల్మరా కింద చేరుతుంది. ఆ వాలుతో నాకు పేచీ లేదు. చీకటితోనే. ఇరవై మూడేళ్లుగా పట్టపగలు దీపం వేసుకుని వండుతున్నాను. కిటికీ పెట్టుకుంటామంటే పాత కట్టడాల ఆఫీసు రెండుసార్లు కాదంది. పాత గోడకి కొత్త కన్నం కూడదట.

పోయిన నెల చెంచా కోసం నేలమీద పడుకుని అల్మరా వెనక్కి చూశాను. పైన దూలం అడుగువైపు వరసగా ఆరు చిల్లులు. గాజు లేని రోజుల్లో కిటికీకి నిలబెట్టిన చెక్క ఊచలు దిగిన చిల్లులవి. అంటే అక్కడ కిటికీ ఉండేది, ఎవరో పూడ్చారు. మూడోసారి అర్జీ పెడితే, ఆఫీసరు చూడ్డానికి వస్తామన్నారు.

"ఆఫీసరుకి చెప్పేస్తే పోలా, హెస్టర్?" అన్నాడు మా ఆయన హెడ్లీ.

"నేను చూపిస్తే అది నా ఆశ. ఆయన కనిపెడితే అది చరిత్ర. నువ్వు మాత్రం నోరు జారకుండా ఆయన వెళ్లేదాకా కేకు తింటూ ఉండు."

"ఎంత కేకు?"

"మొత్తం."

ఆఫీసరు ఓర్టన్ గారు ఇస్త్రీ నలగని సూటులో వచ్చారు. ముందు ఒక ఉల్లిపాయ వదిలాను. మర్యాదగా పక్కకి జరిగి దారిచ్చారు. ఉడికించిన గుడ్డు వదిలాను. బూటుతో ఆపి నా చేతికిచ్చారు. ఇక లాభం లేదని టీ అందిస్తూ ఆయన కొలతల టేపుని మోచేత్తో తోశాను. గుండ్రటి టేపు, బుద్ధిగా అల్మరా కిందికి వెళ్లింది.

"అయ్యో, నేను తీస్తానుండండి," అని నడుం పట్టుకున్నాను.

"మీరెందుకండీ," అంటూ ఆయన బోర్లా పడుకుని, చెయ్యి అందక వెల్లకిలా తిరిగి, టార్చి వేశారు. చాలాసేపు బూట్లు మాత్రమే కనిపించాయి.

"మేడమ్," అన్నారు బూట్లవైపు నుంచి. "ఇక్కడ కిటికీ ఉండేది. తెరిపించాల్సిందే, అనుమతి నేనే రాస్తాను."

సాలెగూడు కిరీటంతో లేచారు. "మీకు తెలిసే అవకాశం లేదులెండి. దీనికి అలవాటైన కన్నుండాలి."

"ఎంతైనా చదువుకున్నవారు," అన్నాను.

బల్ల దగ్గర కేకు తింటున్న హెడ్లీ భుజాలు నవ్వుతో ఊగడం మొదలుపెట్టాయి. పళ్లెంలో మిగిలిన చివరి ముక్క అతని నోట్లో పెట్టేశాను.