సొంత విమానానికి కస్టమ్స్ ఉండదన్నారు

సకల జనుల సమ్మెలో బస్సులన్నీ డిపోలకే పరిమితమైన రోజుల్లో, కోరుట్లలో బీడీలు చేసే శోభ ఒక మనిషి ముఖం చూడడానికి సిరిసిల్లకు బయలుదేరింది. ఆ మనిషి పేరు చంద్రమౌళి. అప్పటికి ఫోనులోనే పరిచయం. మాట మర్యాదగా ఉంది, ఇంతవరకు డబ్బు అడగలేదు. ఆమె అనుమానానికి ఈ రెండూ కారణాలే.

ఆమె భర్త ఎల్లేశం తాటిచెట్లెక్కి కల్లు గీసే ఇంట్లో పుట్టి, ఆ పని వదిలి మస్కట్‌లో భవనాల పనికి వెళ్లాడు. అక్కడ పరంజా మీది నుంచి పడ్డాడు. వెన్నెముక దెబ్బతిన్నది. నెల రోజులు పోరాడి ప్రాణం నిలబెట్టిన డాక్టర్లు, ఇక వెన్నుకు పెద్ద ఆపరేషన్ వెంటనే జరగాలనీ, హైదరాబాదులో చేయించుకోవడం మేలనీ చెప్పారు. ఆలస్యమైతే లేచి కూర్చుంటాడన్న ఆశ కూడా ఉండదు. మామూలు విమానంలో పడుకోబెట్టి తేవాలంటే సీట్లు తీసేయాలి, దానికి అనుమతి రావాలి. అంత వ్యవధి ఎల్లేశానికి లేదు. ఈ స్థితిలో కంపెనీ యజమాని తన సొంత విమానంలో పంపుతానన్నాడు. ఆ చిన్న విమానం ఏటా జరిగే మరమ్మతు కోసం ఎలాగూ హైదరాబాదుకు ఖాళీగా వస్తోంది.

కారణం ఇంత సాదాగా ఉండడం వల్లనే కోరుట్లలో ఎవరూ నమ్మలేదు.

"జీతాలు ఆపినోడు ఇమానం ఇస్తడా?" అన్నది అత్త మొగిలవ్వ. "నా కొడుకు పానం తీసి, పెట్టెల పెట్టి పంపుతుండేమో సూడు పిల్లా. ఫోన్ల మాట్లాడినోడు నా కొడుకేనా, ఇంకెవడన్ననా?"

"నీ కొడుకు గొంతు నాకెరుక లేదా అత్తా?"

"గొంతుదేమున్నది? గల్లీకొకడు అందరి గొంతులు తీస్తడు."

విదేశం నుంచి వచ్చే విమానం ముందుగా కస్టమ్స్ ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. ఎవరెవరు వస్తున్నారో, ఏమేమి వస్తున్నాయో ముందే తెలియజేయాలి. అధికారులు చూసి వదిలిన తరువాతే మనిషైనా వస్తువైనా కదలాలి. ఈ ఏర్పాట్లు చేసే ఏజెంటే చంద్రమౌళి. కాని ఏజెంటు అనే మాట వింటే ఆ ప్రాంతంలో గుండె ఝల్లుమంటుంది. దొంగ వీసాలిచ్చి, ఇంటికి తాళం వేసి మాయమైన వాళ్లందరి పేర్లూ ఆ మాట వెనకే గుర్తొస్తాయి. అందువల్ల అక్కడ ఒక పద్ధతి స్థిరపడింది: ఏజెంటును నమ్మే ముందు అతని ఇల్లు చూడాలి, ఇరుగుపొరుగును అడగాలి. శోభ ప్రయాణం ఇందుకే.

అయితే ఆమె కూడా ఒక విషయం దాస్తోంది. వెంట ఏం సామాను వస్తోందని చంద్రమౌళి అడిగిన ప్రతిసారీ "రెండు జతల బట్టలు" అని చెప్పింది. నిజం వేరు. మస్కట్‌లో కూలీలు ఉండే క్యాంపులో ఎల్లేశం పక్క మంచం కుమార్‌ది, అతనిది తంగళ్ళపల్లి. విమానం సంగతి ఖాయమైన రోజే ఫోను చేసి గొంతు తగ్గించి చెప్పాడు:

"వదినె, సొంత ఇమానానికి కస్టమ్స్ ఉండదు. మనోళ్లు తలా కొంచెం బంగారం ఇచ్చిండ్రు. అన్న పరుపు క్యాంపు నుంచి ఆసుపత్రికి తెచ్చినం, దాంట్ల కుట్టిపెట్టిన. ఆడ దిగినంక ఎవలిది వాళ్లకియ్యి. ఎవలికి చెప్పకు, గా ఏజెంటుకు అసలే చెప్పకు."

క్యాంపు నుంచి ఎవరు ఇంటికి పోతున్నా తోటివాళ్ల మూటలు మోయడం ఆనవాయితీ. కాదన్నవాడిని మనిషిగా లెక్కపెట్టరు. పైగా ఎల్లేశాన్ని పరంజా కింది నుంచి ఎత్తి ఆసుపత్రికి చేర్చింది, నెలంతా వంతులవారీగా ఒళ్లు తుడిచింది ఈ మనుషులే. శోభ కాదనలేకపోయింది.

జగిత్యాలలో రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. ఆమె ఎక్కిన ఆటోను సమ్మెవాళ్లు ఆపేశారు. పొయ్యి దగ్గర ఉన్న ఆనందం అనే స్కూలు పంతులు ముందుకొచ్చాడు.

"ఎటు చెల్లె? బంద్ అని ఎరుకలేదా?"

"సిరిసిల్లకు పోతున్న సారూ. మా ఆయన ఇమానం సంగతి."

"ఏం ఇమానం?"

"సొంత ఇమానమట."

పొయ్యి చుట్టూ నవ్వులు లేచాయి. "ఆర్టీసీ బస్సుకే దిక్కులేదు, గీమెకు సొంత ఇమానమటనే!" అన్నాడొకడు.

ఆనందం నవ్వలేదు. "నిజం చెప్పు. ఏ లీడర్‌ను దించుతుండ్రు? సమ్మె చెడగొట్టనీకె ఎవడొస్తుండు?"

"లీడర్ కాదు సారూ. నడుము ఇరిగిన మనిషి." శోభ చెప్పుకొచ్చింది. ఆయన ముఖం మారింది. విస్తరాకులో కిచిడి పెట్టించి, ఆటోకు దారి ఇమ్మన్నాడు. తింటూ ఉండగా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "గని చెల్లె, సొంత ఇమానాలకు తనిఖీ ఉండదట గద. పెద్దోళ్లు గట్లనే తెస్తరంటరు."

శోభ తినడం ఆపి విస్తరాకు మడిచేసింది. కుమార్ మాటే చదువుకున్న మనిషి నోటి నుంచి కూడా వచ్చింది. అలా అయితే చంద్రమౌళి పదే పదే సామాను గురించి ఎందుకు అడుగుతున్నట్టు? బంగారం సంగతి పసిగట్టి ఉండాలి, దాన్ని కాజేయాలనుకుంటూ ఉండాలి. వేములవాడ దాటేసరికి ఈ ఊహ ఆమెకు రుజువైన విషయంలా కనిపించసాగింది.

సిరిసిల్లలో చంద్రమౌళి ఇంటికి ముందు పక్క అరుగు దగ్గర ఆగింది. అక్కడ గంగవ్వ అనే ముసలామె మగ్గాలకు నూలు కండెలు చుడుతోంది.

"అవ్వా, చంద్రమౌళి ఎసొంటోడు?"

"మౌళిగాడా? ఊళ్లె వాళ్ల ఇమానాలన్ని దింపుతడు. ఇంట్ల ఫ్యాన్ దింపుమంటె మాత్రం పెండ్లాం వారం మొత్తుకోవాలె."

"పైసలు ముంచినోడా?"

"ముంచితె గీ రేకుల ఇంట్ల ఎందుకుంటడు బిడ్డా? పో, లోపల్నే ఉన్నడు. చెవుల ఫోన్ పెట్టుకొని పుట్టిండు."

దారులు మూసుకుపోవడంతో చంద్రమౌళి ఇంటి నుంచే పని చేస్తున్నాడు. బొగ్గు గనుల్లో సమ్మె వల్ల కరెంటు కోత పెరిగింది. ఇంటి వెనక మరమగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. శోభ తన పేరు చెబితే అతడు ఆశ్చర్యపోలేదు. కుర్చీ వేశాడు.

"ఇల్లు సూడనీకె వచ్చినవా చెల్లె? మంచిగ సూడు. అవతల వంటిల్లు సుత ఉన్నది."

ఆమె సిగ్గుపడలేదు. "నీకు పైసలు ఎవలిస్తరు అన్నా?"

"సేటు. ఇమానం ఆయనది, పని ఆయనది."

"మరి మా సామానుతోని నీకేం పని?"

"ఇమానంల ఏమేం వస్తున్నయో రాసి సంతకం పెట్టేది నేను. లేంది ఉన్నట్టు రాసినా, ఉన్నది లేనట్టు రాసినా నా మెడకే." కొంచెం ముందుకు వంగాడు. "మా తమ్ముడు సుత దుబాయ్‌ల ఉన్నడు. క్యాంపుల నుంచి వచ్చే మనిషి చేతుల పక్కోని మూట లేకుంట వస్తడా? గది నాకెరుక. అందుకే అడుగుతున్న."

"సొంత ఇమానానికి కస్టమ్సే ఉండదట గద?"

"ఎవలు చెప్పిండ్రు?"

"అందరూ అంటుండ్రు," అన్నది ఆమె. చంద్రమౌళి తల పట్టుకున్నాడు.

"పెద్ద ఇమానంల వందల మంది దిగుతరు. ఆఫీసరు ఎవని పెట్టె తెరుస్తడో ఎవనికెరుక? గిది ఒక్క ఇమానం, ఒక్క పేషంటు. ఆఫీసర్లు మెట్లకాడికే వస్తరు, ఎంతసేపయినా సూస్తరు. కూలి చేసేటోడు సేటు ఇమానంల ఎందుకొచ్చిండని వాళ్లకు ముందుగాల్నే అనుమానం. దిండు, పరుపు, అన్ని లేపుతరు."

"దొరికితె?"

"పెద్ద ఇమానంల అయితె ఆ ఒక్కన్ని పక్కకు గుంజుతరు. గీడ ఇమానమే ఆగుతది. పైలట్ ఆగుతడు, నేనాగుత. స్ట్రెచర్ ఎక్కడిది అక్కడ్నే ఉంటది. నీ మొగుని ఆపరేషన్ తారీకు ఎవడు ఆపాలె?"

అతడు చెప్పింది అతికినట్టు ఉంది. మోసగాడు కూడా అతికినట్టే చెబుతాడు. కాని ఒక తేడా ఆమెకు స్పష్టమైంది. బంగారం కాజేయాలనుకునేవాడు దాన్ని రానివ్వాలి. ఇతడు రానివ్వడం లేదు.

"పరుపుల ఉన్నది," అన్నది.

చంద్రమౌళి కోప్పడలేదు. ఫోను ఆమె ముందుకు జరిపాడు.

కుమార్ వినగానే విరుచుకుపడ్డాడు. "ఏజెంటుకు చెప్పినవా వదినె? ఆడు నిన్ను బెదిరిస్తుండు. దిగంగనే వాడే గుంజుకుంటడు, సూడు!"

"గుంజుకోనీకె ఏం ఉండొద్దు. తియ్యి."

"అందరూ నన్ను నమ్మి ఇచ్చిండ్రు. ఇప్పుడు ఏమని చెప్పాలె?"

"తియ్యి కుమార్. నీ కాళ్లు మొక్కుత."

కాసేపటికి అతడే ఫోను చేశాడు. "తీసేసిన వదినె. అయిపోయింది."

మరీ తొందరగా అయిపోయింది. పరుపు కుట్లు విప్పడానికి, మనిషిని పక్కకు పొర్లించడానికి పట్టే సమయం కూడా పట్టలేదు. శోభ ఎల్లేశానికి ఫోను ఇమ్మన్నది.

"ఏందే, సిరిసిల్లల ఉన్నవట?" ఎల్లేశం గొంతు నీరసంగా ఉంది.

"నీ పరుపు విప్పిండ్రా ఇప్పుడు?"

"కుమార్ ఏందో గెలికిండు. నాకు సమజ్ కాలే."

"తొడల కింద ఏమన్న గట్టిగ తాకుతున్నదా? సూసి చెప్పు."





"నడుము కిందికి నాకేం తెలుస్తలేదు శోభా."

"ఎప్పటి సంది?"

"పడ్డప్పటి సంది."

నెల రోజులుగా కుమార్ ఆమెకు చెబుతూ వచ్చింది వేరు. కాళ్లు కదులుతున్నాయి, వేళ్లు ఆడిస్తున్నాడు, బెంగపడకు వదినె. దయతో చెప్పిన అబద్ధమే కావచ్చు. కాని దాని ఫలితం ఆ క్షణంలోనే తేలింది: కాళ్ల విషయంలో అబద్ధమాడిన మనిషే పరుపు ఖాళీ చేశానని కూడా చెప్పాడు. కింద ఏముందో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషికి తన కాళ్లున్న సంగతే తెలియడం లేదు.

శోభ ఏడవలేదు. ఫోను చంద్రమౌళికి ఇచ్చేసి, "ఆ పరుపే రావొద్దు అన్నా," అన్నది.

రోగి వెంట వచ్చే నర్సు పేరు దీవెన. ఆమెది గంభీరావుపేట, మస్కట్ ఆసుపత్రిలో చేరి కొన్నేళ్లయింది. చంద్రమౌళి ఆమెకు ఫోను చేశాడు.

"దీవెనా, పేషంటు పరుపు ఆడ్నే ఇడిసిపెట్టి, ఆసుపత్రి పరుపు వేసి తీసుకురా. ఎందుకని అడగకు."

"అడగ తియ్యన్నా," అన్నది దీవెన. "పొద్దటి సంది ఆ కుమార్ పరుపును ఇడుస్తలేడు. పేషంటు పెండ్లామన్న గంత కాపలా ఉండదు. నాకు అప్పుడే అనుమానమొచ్చింది."

మర్నాడు చంద్రమౌళి కుదిర్చిన అంబులెన్సులోనే ఇద్దరూ హైదరాబాదు విమానాశ్రయం చేరారు; విమానం దిగే వేళకు అతడు లోపల ఉన్నాడు. శోభను గేటు దాటనివ్వలేదు. లోపల ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. తన కళ్ల ముందు లేనిదేదీ ఇప్పుడు ఆమె నమ్మే స్థితిలో లేదు. కుమార్ మళ్లీ పరుపు మార్చాడేమో. దీవెనకు కూడా వాటా ఉందేమో. సిరిసిల్లలో చూసిన రేకుల ఇల్లు చంద్రమౌళిది కాకపోవచ్చు. అరుగు మీద ముసలామెకు ముందే చెప్పి ఉంచారేమో. చివరకు అంబులెన్సు గేటు బయటికొచ్చి ఆగింది. చంద్రమౌళి దిగి, తలుపు తెరిచాడు.

"ఎక్కు చెల్లె. దిండ్ల దూది సుత పీకి సూసిండ్రు. ఒక ఆఫీసరయితె ఆక్సిజన్ సిలిండర్ కిందికెళ్లి టార్చ్ కొట్టిండు. ఏం లేదు. పోనిచ్చిండ్రు."

ఎల్లేశం పడుకుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. శోభ అతని చెయ్యి పట్టుకుంది. మొగిలవ్వ చూడమన్నట్టు, ఇతను నిజంగా ఎల్లేశమేనా అని ముఖమంతా ఒకసారి చూసుకుంది కూడా.

ఆసుపత్రిలో ఆపరేషన్ ఏర్పాట్లు జరుగుతుండగా ఫోను మోగింది. కుమార్ భార్య సంగీత.

"అక్కా, అన్న మంచిగ అచ్చిండా?"

"అచ్చిండు."

"మరి మా సామాను?"

"రాలే సంగీతా. కుమార్ తాన్నే ఉన్నది."

"ఆయన తాన లేదట! నర్సు పరుపు తీస్కపోయింది, మళ్ల కనవడలేదంటుండు. నువ్వు, సిరిసిల్లాయన, ఆ నర్సు కల్సే చేసిండ్రని ఈడ అందరూ అంటుండ్రు. నిజం చెప్పక్కా."

దీవెన పక్కనే ఉంది. శోభ ఫోనును చేత్తో మూసి, పరుపు ఏమైందని అడిగింది. "వార్డు వాచ్‌మన్ సూస్తుండంగ కుమార్ చేతికే ఇచ్చిన పరుపు," అన్నది దీవెన. శోభ ఆమె ముఖం చూసింది. అబద్ధమాడుతున్నట్టు లేదు; అంటే బంగారం కుమార్ దగ్గరే ఆగింది. ఈ మాట సంగీతకు చెబితే తంగళ్ళపల్లిలో ఒక కాపురం విరుగుతుంది. చెప్పకపోతే క్యాంపు మనుషుల ఇళ్లన్నిటిలో శోభ దొంగగా మిగులుతుంది. ఎల్లేశాన్ని ఎత్తిన చేతుల్లో మొదటివి కుమార్‌వే.

"ఏమనుకుంటవో అనుకో సంగీతా," అన్నది చివరకు. "మా ఆయన అచ్చిండు." ఫోను పెట్టేసింది.

డాక్టరు అంతకుముందే చెప్పాడు: సమయానికి తెచ్చారు, లేచి కూర్చుంటాడు; నడక సంగతి ఇప్పుడు చెప్పలేను.

"ఎవలే ఫోన్ల?" అని అడిగాడు ఎల్లేశం.

"సంగీత."

"ఏమంటున్నది?"

"నువ్వు మంచిగ అచ్చినవా అని అడిగింది."

ఎల్లేశం ఆమె వంక చూశాడు. నమ్మలేదు. నమ్మలేదని ఆమెకూ తెలిసింది. ఇద్దరూ ఇంకేమీ అనకముందే వార్డుబాయ్‌లు వచ్చి స్ట్రెచర్‌ను ఆపరేషన్ గదివైపు తోశారు.