మేనమామ నెత్తురు

ఈసారైనా పిల్ల కంటిపాపలు విచ్చుకుంటే బాగుండు, చుక్కలు వేయడం ఇది మూడోసారి, అవి విచ్చుకోనిదే లోపల ఏమీ కనబడదని చెప్పి నర్సు వెళ్ళిపోయింది, నాగేందర్ బెంచీ మీద నడుము వాల్చబోయి గోడ తగిలి మళ్ళీ నిటారుగా కూర్చున్నాడు, పొద్దున్నే కోటగిరిలో బస్సెక్కి బోధన్‌లో మారి నిజామాబాద్ దాకా నిలబడే వచ్చాడు, ఒళ్ళో పిల్ల ఉందని అక్కకు మాత్రం ఎవరో సీటిచ్చారు, అక్క ధనలక్ష్మి మాట్లాడడం మానేసి చాలా రోజులైంది, బీడీలు చుట్టే వేళ్ళు ఊరికే ఉండలేక తుండుగుడ్డ అంచును చుడుతూ విప్పుతూ ఉన్నాయి, బావ సాయికుమార్ నాందేడ్ దిక్కు శనగ కోత మిషన్ మీద ఉన్నాడు, ఫోన్ చేస్తే డాక్టర్ ఏమన్నదిరా అంటాడు, ఏమంటుంది, ఏడో నెలలోనే పుట్టిన పిల్ల, అప్పుడు తొమ్మిది వందల గ్రాములు, యాభై రోజులకు రెండు కిలోలు కూడా లేదు, ఇవాళ తన మడికి కాలువ నీళ్ళ వంతు, పోతే పోనీ, ఎన్ని వంతులు పోలేదు.

నాలుగుసార్లు రక్తం ఎక్కించారు పిల్లకు, మొదటిసారి బ్లడ్ బ్యాంకులో చెయ్యి చాచింది తనే, బయటికి రాగానే అమ్మ శ్యామలమ్మ వీపు నిమిరి, నా కొడుకు నెత్తురే దాని పెయ్యిల పారుతున్నది అని వార్డు ముందు కూర్చున్నవాళ్ళందరికీ చెప్పింది, ఊళ్ళోనూ చెప్పింది, తనకూ బాగానే అనిపించింది, ఎందుకు అనిపించదు, అద్దాల పెట్టెలో పాలిపోయిన పిడికెడు పిల్ల కాస్త ఎర్రబడుతుంటే ఇది నాదే అనుకున్నాడు, పోయిన వారం కంటి డాక్టరమ్మ చెప్పేదాకా, తల్లి కడుపులో బిడ్డకు గ్రోత్ ఫ్యాక్టర్ అని ఒకటి అందుతుందమ్మా, కంటి వెనుక రక్తనాళాలు దానితోనే పెరుగుతాయి, ముందుగా పుడితే అది తగ్గిపోయి నాళాలు సగంలో ఆగుతాయి, తర్వాత ఒక్కసారిగా అడ్డదిడ్డంగా పెరిగి కంటి పొరను లాగేస్తాయి, పెద్దవాళ్ళ రక్తం చాలాసార్లు ఎక్కిన పిల్లల్లో ఇది ఎక్కువ కనిపిస్తుంది, పెద్దవాళ్ళ రక్తం, ఆ మాట దగ్గరే నాగేందర్ ఆగిపోయాడు, వారం నుంచి అన్నం ముందు కూర్చున్నా పొలంలో మందు చల్లుతున్నా అదే, గుట్కా నమిలిన నెత్తురు, కల్లు తాగిన నెత్తురు, పోయి ఆ పసికళ్ళల్లో పడింది, అమ్మకు చెప్పలేడు, అక్కకు అసలే చెప్పలేడు.

లోపలికి పిలిచారు, తల కదలకుండా పట్టుకోమన్నారు, అరచేతిలో ఇమిడిపోయే తల, పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక డాక్టరమ్మ దీపం తీసేసి, లేజర్ చెయ్యాలి, ఇవాళే, ఆగితే చూపు దక్కదు అంది, అక్క సంతకం పెట్టింది, పెన్ను తిరిగిస్తున్న ఆమె చెయ్యి చూసి ఇక ఆపుకోలేకపోయాడు, మేడం, నా రక్తం ఎక్కిచ్చినందుకే గిట్లయిందా, డాక్టరమ్మ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, నీది ఎక్కలేదయ్యా, ఇంత చిన్నపిల్లలకు సొంతవాళ్ళ రక్తం వాడరు, నువ్విచ్చింది వేరే ఎవరికో పోయి ఉంటుంది, ఈ పిల్లకు ఎక్కించింది వేరే ఎవరిదో, అది లేకపోతే కళ్ళ గురించి మాట్లాడుకోవడానికి పిల్లే ఉండేది కాదు, తప్పు ఎవరిదీ కాదు అని, నర్సు వైపు తిరిగి, తర్వాతి పిల్లను తీసుకురమ్మను అంది, అక్క తలెత్తి, గిదా నువ్వు వారం నుంచి తినక తిరుగుతున్నది, పాగల్ గానివా తమ్మీ అంది, ఇన్నాళ్ళకు అంత పొడుగు మాట.

బరువు దిగింది, దిగినచోట ఖాళీ మిగిలింది, తప్పుతో పాటు ఆ గొప్ప కూడా పోయింది కదా, ఎవరో పేరు తెలియని మనిషి చెయ్యి చాపి పోయాడు, తన నెత్తురు ఎవరి ఒంట్లో ఉందో, సాయంత్రం లేజర్ అయిపోయింది, నాళాలు వెనక్కి తగ్గాలి, రెండు కళ్ళకూ ఆశ ఉంది, మంగళవారం మళ్ళీ చూపించాలి అన్నారు, మొహం కడుక్కొస్తనని అక్క పిల్లను అతని చేతుల్లో పెట్టింది, కళ్ళు వాచి, పాల వాసనతో, ఎంత తేలిక, అయినా మోచేతులు అప్పుడే లాగుతున్నాయి, మార్చి పట్టుకున్నాడు, దీని ఒంట్లో తనది ఏమీ లేదు, నెత్తురిచ్చేశాను, నా పని అయిపోయింది అనుకోవడానికి లేదు, మేనమామంటే మంగళవారం మళ్ళీ ఎత్తుకొచ్చేవాడు, ఆ తర్వాతి మంగళవారం కూడా.