దిగబడిన గుర్రం

కొత్తగా తయారుచేసిన కంప్యూటరు ఆటలో గుర్రం మోకాళ్లదాకా నేలలోకి దిగబడుతోంది. తప్పు ఆటను నడిపే గేమ్ ఇంజిన్‌ది; అది వేరే కంపెనీ సరుకు. ప్రోగ్రామరు ఎన్ని ఫిర్యాదులు పెట్టినా, "మా దగ్గర బాగానే పరుగెడుతోందండీ" అన్నదే ఆ కంపెనీవాళ్ల జవాబు. ఆట అమ్ముడుపోకపోతే ఆఫీసుకు తాళమే.

కొనేవాడు వచ్చాడు. గుర్రం దిగబడింది.

"అది ఊబండీ!" అన్నాడు ఆఫీసు యజమాని, ప్రోగ్రామరుకు స్వయానా బావ.

"ఊబి అద్భుతం! దానికోసమే కొంటున్నా. సంతకాలు రేపు."

అతను వెళ్లగానే, "నోరున్నవాడిదే రాజ్యంరా" అని బావ మీసం దువ్వాడు.

"ఆ నోటితోనే కోడ్ కూడా రాయకపోయావా బావా!"

మర్నాడు కంప్యూటరు తెరిస్తే ఇంజిన్ దానంతటదే అప్‌డేట్ అయింది. 'మీ ఫిర్యాదు పరిష్కరించాం' అని సందేశం. గుర్రం గట్టినేల మీద దర్జాగా నిలబడింది. బయట కొనేవాడి కారు ఆగింది.

"మళ్లీ ఫిర్యాదు పెట్టరా!"

"ఏమని బావా?"

"గుర్రం దిగబడట్లేదని!"