పారేసిన బైటు

వరద హెచ్చరికల ఆఫీసులో అతన్ని అందరూ పిసినారి అనేవారు. డబ్బు విషయంలో కాదులెండి, అక్కడ చెయ్యి ధారాళమే. బైట్ల దగ్గరే, అంటే కంప్యూటరు అంకెల్ని దాచుకునే గడుల దగ్గరే, పిల్లికి బిచ్చం పెట్టడు. ఒకటి సరిపోయే చోట రెండు వాడినవాణ్ణి చూస్తే ఒళ్ళు మండేది మనిషికి.

వంతెన కింద బిగించిన మీటరు నది మట్టాన్ని సెంటీమీటర్లలో కొలిచి రెండు బైట్లుగా పంపేది. ఒక బైటులో రెండువందల యాభై ఐదు దాకానే పడుతుంది. ఆపైన ఒక్కటి పెరిగినా మొదటి బైటులో ఒకటి వేసి, రెండోదాన్ని మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. పదుల స్థానం, ఒకట్ల స్థానం లాంటిదే. మనవాడు ఎండాకాలమంతా పరీక్షించాడు. మొదటి బైటులో సున్నా తప్ప ఒక్కసారైనా ఇంకో అంకె వస్తే ఒట్టు. ఖాళీ గిన్నెను రోజంతా మోయించడం దేనికి, బ్యాటరీ దండగ అనుకున్నాడు. దాన్ని పంపకుండా మీటరును మార్చేసి, తన భుజం తానే తట్టుకున్నాడు మహానుభావుడు.

ఆ నదికి దిగువనే అతని అక్క ఇల్లు. మట్టం రెండువందలు దాటితే ఇళ్ళు ఖాళీ చెయ్యమని, తగ్గితే తిరిగి రావచ్చని అక్కడి ఫోన్లన్నిటికీ మెసేజ్ దానంతటదే వెళ్తుంది. ఆ ఉదయం మొదటిది వెళ్ళింది. అక్క పిల్లలిద్దర్నీ తీసుకుని, ఇరుగుపొరుగుతో కలిసి గుట్ట మీది బడికి చేరింది.

మధ్యాహ్నం అతను భోంచేసి వచ్చేసరికి తెర మీద మట్టం ఇరవై. పక్క సీటు ఆవిడ హమ్మయ్య అని టీ తెచ్చుకోవడానికి లేచింది. బయట చూస్తే కుండపోత! ఇరవై ఏమిటి? పాత అంకెలు తిరగేశాడు. రెండువందల యాభై మూడు, రెండువందల యాభై ఐదు, ఆ వెంటనే రెండు. పై ప్రాణాలు పైనే పోయాయి. నీళ్ళు తగ్గలేదు, బైటు నిండిపోయింది. తిరిగి రమ్మనే మెసేజ్ వెళ్ళి గంట దాటింది.

మేనేజరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆయన పడవల కోసం ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. అన్నీ పై ఊళ్ళకు వెళ్ళాయి, సాయంత్రానికి గానీ రావన్నారు. ఇతను అక్కకు ఫోన్ చేశాడు.

ఆమె ఇల్లు కడుగుతోందట. "అందరూ వెనకాడుతుంటే నేనే తీసుకొచ్చాన్రా. మా తమ్ముడి లెక్క ఎప్పుడూ తప్పదని చెప్పాను."

"అక్కా, తప్పింది. పిల్లల్ని తీసుకుని ఇప్పుడే బడికి వెళ్ళిపో."

ఆమె కిటికీ దాకా వెళ్ళినట్టుంది.

"దారేదిరా? మేం వచ్చాక అది మునిగిపోయింది."

అతను డాబా ఎక్కమన్నాడు. మెట్ల మీద పిల్లల గోల, ఆమె రొప్పు వినిపించాయి. ఎక్కాక ఆమె గొంతు తగ్గించి, పిల్లలకు వినపడకుండా అడిగింది.

"ఇక్కడిదాకా రాదు కదా? నువ్వు చెప్పు చాలు, నమ్ముతాను."

తెర మీద అంకె ముప్ఫై ఒకటి అయింది. అతను దానికి తను పారేసిన బైటులోని రెండువందల యాభై ఆరు కలిపాడు: రెండువందల ఎనభై ఏడు.