దారిలో పగిలింది

హైదరాబాదు విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి అట్టపెట్టె టేపు కోసి అందులోని వీడియో గేమ్ బయటికి తీశాడు. రెండు చేతుల్తో పట్టుకుని ఆడుకునే పీఎస్పీ అది. పక్కనున్న మీట జరిపితే పచ్చదీపం వెలిగింది. తెర మీద బొమ్మ రాలేదు. మూల నుంచి మూలకి నల్లచార ఒకటి కనిపించింది.

"పగిలిపోయినదాన్ని మోసుకొచ్చావేంటయ్యా?" అన్నాడు అధికారి. డ్యూటీ ఏమీ వెయ్యకుండా పెట్టె వెనక్కి తోశాడు.

బంగారరాజు పెట్టెని మళ్ళీ సూట్‌కేసులో సర్దుకున్నాడు. విమానంలోంచి సామాను దింపేవాళ్ళు ఎలా విసిరేస్తారో అతనికి తెలుసు. సూట్‌కేసు ఒక చక్రం కూడా ఊడి ఉంది.

అతను కువైట్‌లో ఒక షేక్ ఇంట్లో డ్రైవరు. రెండేళ్ళకోసారి సెలవు మీద కొత్తపేట దగ్గరి సొంత ఊరికి వస్తాడు. వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో సగం తన సామాను, సగం అక్కడ తన గదిలో ఉండేవాళ్ళది. కోనసీమ నుంచి వెళ్ళినవాళ్ళలో ఇది పద్ధతి. ఎవరికి సెలవు దొరికితే వాళ్ళ చేత మిగిలినవాళ్ళు ఇళ్ళకి పార్సిళ్ళు పంపుతారు. తెచ్చినవాడు ఊరూరా తిరిగి ఎవరిది వాళ్ళ చేతికిచ్చి రావాలి. బంగారరాజుకి అందులో పేరుంది. అతని చేత పంపింది పోలేదు, పగల్లేదు. ఎవరిదైనా విప్పి చూశాకే పెట్టెలో పెట్టుకుంటాడు. ఆ పేరు అతనికి కువైట్‌లోనూ పనికొచ్చింది, ఊళ్ళోనూ పనికొచ్చింది. చెల్లెలి సంబంధం మాట్లాడేటప్పుడు అవతలివాళ్ళు మొదట చెప్పింది అదే.

ఈసారి సూరయ్య పెట్టె ఒక్కటే విప్పలేదు. విమానాశ్రయానికి టాక్సీ బయల్దేరే ముందు సూరయ్య పరిగెత్తుకొచ్చాడు. పెట్టె చుట్టూ టేపు వేసి ఉంది. "మా లతకి బావా. అది అడిగింది" అని కిటికీలోంచి ఒళ్ళో పెట్టేసి, పోలీసు బండి వస్తుందేమోనని అటూ ఇటూ చూసి, వెళ్ళిపోయాడు.

సూరయ్య ఖల్లివల్లి అయ్యాడు. వీసా ఇచ్చిన యజమానిని వదిలేసి, పాస్‌పోర్టు అక్కడే ఉండిపోగా, దొరికిన చోట దాక్కుని పనిచేసేవాడిని అక్కడ అలా అంటారు. దొరికితే జైలు. ఇంటికి రావాలన్నా దారి లేదు. తాటిపాక దగ్గర కూతురు లతతో ఉంటున్న భార్య భవానికి ఈ సంగతి తెలియదు. కంపెనీ సెలవివ్వడం లేదని ఆమె అనుకుంటోంది. గదిలోవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ చెప్పరు.

ఇల్లు చేరిన మర్నాడే భవాని ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, వచ్చేరంటండీ? లత గుమ్మం వదలట్లేదండి."

"ఆయ్, వచ్చేనమ్మా. సామానింకా విప్పలేదు. నేనే వస్తాను."

ఫోను పెట్టేశాక భార్య ఉమామహేశ్వరి వంటింట్లోంచి అంది. "గదిలో విప్పి పెట్టుకుని సామానింకా విప్పలేదంటారేంటండి?"

"పగిలిపోయిందని ఫోన్లో ఎలా చెప్తానే?"

"పోనీ ఎదురుగా ఎలా చెప్తారు? ఊళ్ళోవాళ్ళ సామానంతా మోసేరు. ఇప్పుడు మాట కూడా మొయ్యండి."

అతను చొక్కా వేసుకుని అమలాపురం బస్సెక్కాడు.

అమలాపురంలో రాజ్ కుమార్‌కి సెల్ ఫోన్లు బాగుచేసే కొట్టుంది. వెనకగదిలో టీవీలు పెట్టి పిల్లల చేత ఆటలాడిస్తాడు. పీఎస్పీ విప్పేవాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే. 2008లో అలాంటివి కోనసీమలో ఉన్న ఇళ్ళే తక్కువ. అన్నీ గల్ఫు నుంచి వచ్చినవే.

రాజ్ కుమార్ దాన్ని వెలిగించి, ఆర్పి, మళ్ళీ వెలిగించి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"మనిషి బతికే ఉన్నాడండి. కళ్ళే పోయినాయి."

"స్క్రీను వేస్తావా బాబూ?"

"స్క్రీను ఇక్కడెక్కడండి? చెన్నై నుంచి రావాలి. మీరెప్పుడెళ్తారు?"

"నాకు సెలవు మూడు వారాలే."

"అయితే రాదండి." అతను పీఎస్పీ వెనక్కి తిప్పి చూశాడు. "మీకింకో దారుంది. ఇది సన్నం మోడలు. దీన్నుంచి టీవీకి వైరు పెట్టుకోవచ్చు. అయితే కంపెనీవాళ్ళు ఒక మెలిక పెట్టేరండి. మన మామూలు టీవీల్లో మెనూ వరకే వస్తది. ఆట మొదలెడితే బొమ్మ రాదు. ఆ మెలిక విప్పాలంటే కంపెనీ వేసిన సాఫ్ట్‌వేరు తీసేసి, బయటివాళ్ళు రాసింది వెయ్యాలి. కస్టమ్ ఫర్మ్‌వేర్ అంటారు."

"కస్టమ్సా? వాళ్ళు చూసి వదిలేసేరు కదా."

రాజ్ కుమార్ నవ్వాడు. "ఆ కస్టమ్స్ కాదండి బాబూ. దొంగచాటుది. వేస్తే పట్టుకునేవాడు లేడు. వేసేటప్పుడు తేడా వస్తే మాత్రం ఇది మళ్ళీ వెలగదు, ఇటుక అయిపోద్ది. గోడలో పెట్టుకోడానికి కూడా చిన్నదైపోద్ది. వెయ్యమంటారా?"

"ముందు ఒకసారి విప్పి చూడు. వైరు కదిలిందేమో."

రాజ్ కుమార్ మరలు తీయడం మొదలుపెట్టాడు. రెండు చోట్ల మరలు లేవు. ఒకచోట మర తల అరిగిపోయి ఉంది. పైమూత తీసి, తెరని పైకి లేపి, కింద చూశాడు. వేలితో తీసి బల్ల మీద తెల్ల కాగితం పైన దులిపాడు.

ఇసుక. గోధుమ రంగులో, పిండిలాగా ఉంది.

"మీ సూట్‌కేసులో ఇసుక పోసుకొచ్చేరాండీ?"

"లేదు."

"మరి ఇది పగుల్లోపలికి దిగి గట్టిపడిపోయిందండి. ఇది పగిలి నెలలయింది. మీకంటే ముందు ఎవరో విప్పేరు కూడాను. విప్పి, చేతకాక మూసేసేరు. మీ చేతిలో పగిలింది కాదండి ఇది."

బంగారరాజు కాగితం మీది ఇసుకని చూశాడు. అది ఎక్కడి ఇసుకో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. కారు అద్దాల మీంచి రోజూ పొద్దున్నే దాన్నే తుడుస్తాడు. కువైట్‌లో శుక్రవారం సంతలో పాత సామాను నేల మీద పోసి అమ్ముతారు. సూరయ్య అక్కడ కొని ఉంటాడు. పగిలిందని తెలిసే కొన్నాడు, అందుకే చుట్టూ టేపు వేశాడు, అందుకే టాక్సీ బయల్దేరబోతుంటే తెచ్చాడు. తండ్రి మంచిదే పంపాడు, తెచ్చినవాడు పగలగొట్టాడు. కూతురికి అలా తెలియాలని.

కొట్టు బయట అరటిగెలల లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా ఆగడంతో వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు.

ఫోను తీశాడు. సూరయ్య నంబరు నొక్కలేదు. ఏమని అడగాలి? పాతది ఎందుకు పంపావంటే కొత్తది కొనలేక అంటాడు. ఎందుకు కొనలేవో తనకి తెలుసు. ఈ ఇసుక సంగతి భవానికి చెప్తే తన పేరు తనకి మిగుల్తుంది. కానీ భవాని అక్కడితో ఆగదు. కంపెనీలో పనిచేసే మనిషి కూతురికి పగిలింది ఎందుకు కొన్నాడంటుంది. దానికి జవాబు చెప్తే ఇంకోటి అడుగుతుంది. చివరికి పాస్‌పోర్టు దగ్గరికి వస్తుంది.

"బాబూ, వైరు కదల్లేదు కదా?"

"లేదండి. స్క్రీనే."

"అయితే ఆ కస్టమ్‌దే వేసెయ్యి."

"తిరిగిచ్చెయ్యచ్చు కదండీ పంపినాయనకి? తప్పు మీది కాదు కదా."

"వెయ్యి."

రాజ్ కుమార్ ఇసుకంతా బ్రష్షుతో దులిపి మూత బిగించాడు. డ్రాయరులోంచి వేరే బ్యాటరీ ఒకటి, చిన్న మెమరీ కార్డు ఒకటి తీశాడు. ఆ బ్యాటరీ పెడితే పీఎస్పీ తనంతట తనే మేలుకుని కార్డులో ఉన్నదాన్ని చదువుతుంది. తర్వాత తెర మీద ప్రశ్నలు వస్తాయి, బొత్తాలు నొక్కి జవాబివ్వాలి. ఇక్కడ తెర లేదు. అందుకని రాజ్ కుమార్ ఆటలాడించే గదిలోంచి తన సొంత పీఎస్పీ తెచ్చి పక్కన పెట్టాడు. దాన్లో కూడా అదే పని మొదలుపెట్టి, దాని తెర మీద ఏం వస్తుందో చూస్తూ, రెండింటి మీదా ఒకేసారి నొక్కాడు. కళ్ళున్నదాన్ని చూసి కళ్ళు లేనిదాన్ని నడిపించాడు. పిల్లలిద్దరు వచ్చి ఆట ఎందుకు ఆగిందని అడిగితే పొమ్మన్నాడు.

"ఇప్పుడు మాట్లాడకండి" అన్నాడు ఒకసారి.

బంగారరాజు ముందుకి వంగి చూశాడు. నారింజరంగు దీపం మిణుకుమిణుకుమంటూ ఉంది. ఆరిపోయింది. రాజ్ కుమార్ బొత్తాం నొక్కాడు. మళ్ళీ మిణుకుమంది.

బ్యాటరీలు మార్చి టీవీకి వైరు పెట్టేసరికి కరెంటు పోయింది. ఇద్దరూ కొట్టు మెట్ల మీద కూర్చుని టీ తాగారు. రాజ్ కుమార్ తన చెల్లెలు రెబెకాకి నర్సు ఉద్యోగం కువైట్‌లో దొరుకుతుందా అని అడిగాడు. ఏజెంటు మాట నమ్మొద్దని, పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇచ్చి ఊరుకోవద్దని బంగారరాజు చెప్పాడు. కరెంటు వచ్చాక చూస్తే టీవీలో కారు పందెం బొమ్మ వచ్చింది. చుట్టూ నల్ల అంచుతో, కొంచెం చిన్నదిగా వచ్చింది. కానీ వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం తాటిపాక బస్సు దిగి భవాని ఇంటికి వెళ్ళాడు. లత తొమ్మిదో తరగతి. బడికి వెళ్ళకుండా ఉండిపోయింది. భవాని కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "ఆయన ఎలా ఉన్నారండీ?" అంది. "బాగున్నాడమ్మా. కొంచెం సన్నబడ్డాడు. పని ఎక్కువ" అన్నాడు.

పక్కింటి వీరాయమ్మగారు కూడా వచ్చి గట్టు మీద కూర్చుంది. ఆమె కొడుకు కుమారస్వామి కువైట్‌లో బంగారరాజు ఉండే వీధిలోనే ఉంటాడు. ఆమె చేతిలో కళ్ళజోడు పెట్టె ఉంది. కొడుక్కి పాత కళ్ళజోడుతో కనపడ్డం లేదని రాజోలులో చేయించింది. వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళమని ఇవ్వడానికి వచ్చింది.

బంగారరాజు పెట్టె విప్పి లత చేతిలో పెట్టాడు. లత నల్లచార చూసింది. అమ్మ మొహం చూసింది.

"దారిలో పగిలిందమ్మా" అన్నాడు. "సామాను విసిరేసేరు. నేను చూసుకోవాల్సింది."

"అయ్యో, ఫరవాలేదండి అన్నయ్యగారూ" అంది భవాని. "ఆయన ముందే చెప్పేరండి. ఎయిర్‌పోర్టులో పగిలినా పగలచ్చు, బావనేమీ అనకు అని."

"ముందే చెప్పేడా?"

"ఆయ్. మొన్నే ఫోన్లో."

బంగారరాజు లేచి టీవీ వెనక వైర్లు పెట్టాడు. ఏ బొత్తాం ఎంతసేపు నొక్కి ఉంచితే బొమ్మ టీవీలోకి వెళ్తుందో లతకి చూపించాడు. రెండోసారి ఆమే చేసింది. కారు కదిలింది. లత గట్టిగా అరిచింది. కారు గోడని గుద్దుకుంటే ఇంకా గట్టిగా అరిచింది.

ఫోను మోగింది. లత ఆట వదలకుండా భుజంతో చెవికి నొక్కుకుంది.

"నాన్నా! ఆడతన్నాను! టీవీలో వస్తంది బొమ్మ! లేదు, నిజంగా! మావయ్యగారు పెట్టేరు."

తర్వాత ఫోను బంగారరాజు చేతికి వచ్చింది.

"బావా" అన్నాడు సూరయ్య. వెనక లారీల చప్పుడు. "అది పనిచేస్తందా?"

"టీవీలో పనిచేస్తంది. స్క్రీను దారిలో పగిలింది."

సూరయ్య గొంతు తగ్గించాడు.

"నువ్వు విప్పి చూసేవా?"

"అమలాపురంలో విప్పించేను. లోపల ఇసుకుంటే దులిపించేను."

భవాని పక్కనే నిలబడి, మొగుడు ఏమంటున్నాడో బంగారరాజు మొహంలో వెతుకుతోంది.

"కోపం లేదంటన్నాడమ్మా నా మీద" అని బంగారరాజు నవ్వాడు. ఫోన్లో "ఉంటానురా. నీకు బిల్లవుద్ది" అన్నాడు.

"బావా, నేను..."

"ఉంటాను."

కాఫీ వచ్చింది. తాగి, వీరాయమ్మగారి వైపు తిరిగి చెయ్యి చాచాడు. "ఇవ్వండి పిన్నిగారూ, కుమారస్వామి కళ్ళజోడు."

ఆమె పెట్టెని ఇంకో చేతిలోకి మార్చుకుంది. "అదే బాబూ. మా చుట్టాలబ్బాయి అమ్మిరాజు కూడా వచ్చే నెలలో వెళ్తన్నాడంట. వాడి చేత పంపుతాలే. నీకెందుకు, ఇప్పటికే బోలెడు మోత."

"ఆయ్. అలాగేనండి."

"ఏమీ అనుకోకు. అద్దాలు కదా. మళ్ళీ చేయించాలంటే వాడి కొలతలు నా దగ్గర లేవు."

"అనుకోడానికేముందండి. మంచిపని చేసేరు."

ఆమెకి ఊరుకోబుద్ధి కాలేదు. గబగబా ఇంటికెళ్ళి గెలలోంచి కోసిన చక్రకేళీ అరటిపళ్ళ అత్తం ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది. "పిల్లలకి పట్టుకెళ్ళు. ఇయ్యి పగిలేవి కావులే" అని తనే నవ్వింది. భవాని కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బంగారరాజూ నవ్వాడు.

లత తల తిప్పకుండానే "వెళ్ళిరండి మావయ్యగారూ" అంది. అతను చెప్పులు వేసుకుని, అరటిపళ్ళు చంకన పెట్టుకుని, బస్సు కోసం రోడ్డెక్కాడు.