ఆదివారం కార్జెం

"పల్చగా కోయి. మందంగా కోస్తే లోపల పచ్చి నిలుస్తాది," అని చెప్పి జోసఫ్ సంచిని వంటగట్టు మీద పెట్టి, మొహం కడుక్కోవడానికి పోయాడు. దేవకుమారి కార్జేన్ని నీళ్ళలో వేసి, మీది పొరను గోటితో లేపి లాగింది. చర్చి నుంచి వచ్చి ఇంకా చీరైనా మార్చుకోలేదు.

ఆ కార్జెం ఆమె కోసం వచ్చింది. ఆ సంగతి జమ్మలమడుగులో వాళ్ళ చర్చికి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. గర్భసంచిలో గడ్డలున్నాయనీ, ఆపరేషన్ చేయాలంటే ముందు రక్తం పెరగాలనీ ప్రొద్దుటూరు డాక్టరమ్మ చెప్పింది. కంటి కింది రెప్ప లాగి చూసి, "మాత్రలతో పాటు కార్జెం తిను, మాంసం తిను, చేపలు తిను. ఆకుకూర మంచిదే గానీ, మాంసంలో ఉండే ఇనుము ఒంటికి తొందరగా పడుతుంది" అంది. అప్పటి నుంచి జోసఫ్ ఒక్క ఆదివారం తప్పలేదు. ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి, "మా ఇంట్లోదానికి రక్తం తక్కువ, వారం వారం కార్జెం తెస్తాండా" అంటాడు. ఆడవాళ్ళు "అదృష్టం చేసుకున్నావమ్మా" అంటారు. ఆమె నవ్వుతుంది. నవ్వడానికి కూడా ఓపిక కావాలని ఆమెకు ఆ మెట్ల మీదే తెలిసింది.

మేకదో పొట్టేలుదో వేటమాంసం వచ్చిన రోజు ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. కూర ఉడికేలోపు కార్జేన్ని మిరియాలేసి పెనం మీద వేయించి, వరండాలో కూర్చున్న మగవాళ్ళకు పంపాలి. మామ ఉన్నప్పటి నుంచి అంతే. ఇప్పుడు జోసఫ్‌తో పాటు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే వినోద్ కుమార్, ఇంకో ఇద్దరు వస్తారు. ప్లేటు తిరిగొచ్చేసరికి ఉల్లిపాయ ముక్కలే మిగులుతాయి. "పెనంలో అన్నం కలుపుకో పాపా. సారమంతా అడుగునే ఉంటాది," అంటుంది అత్త వనజమ్మ. ఆమె కూడా జీవితమంతా అట్లే తిన్నది కాబట్టి ఆ మాటలో కుళ్ళు లేదు. దేవకుమారికి అదే ఇంకా బరువు.

ఆమె పనిచేసే బడిలో మెట్లెక్కి, ఊపిరందక గోడ పట్టుకుంటే, "టీచరమ్మకు కునుకొస్తాండాదే" అని హెడ్మాస్టరు పిల్లల ముందే నవ్వాడు.

మొన్న మళ్ళీ ప్రొద్దుటూరు పోతే రక్తం పెరగకపోగా ఇంకా తగ్గింది. ఇట్లే తగ్గితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ కోప్పడి, ఏం తింటున్నావని అడిగింది. జోసఫ్ అందుకున్నాడు. "వారం వారం తెస్తాండా మేడం. ఈమె తినాల గదా."

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "వాసన పడదు మేడం," అంది దేవకుమారి.

తిరిగొచ్చేటప్పుడు బస్సు కిటికీకి తల ఆనించి ఆ అబద్ధం గురించే ఆలోచించింది. ఎవరూ నేర్పలేదు. అన్నం చాలనప్పుడు ఆకలి లేదన్నట్టు, చీర కొననప్పుడు ఉన్నవి చాలన్నట్టు, అది కూడా దానంతటదే వచ్చింది. చూడబోతే జోసఫ్ మాత్రం ఏం అబద్ధం చెప్పాడు? తెచ్చాడు. సంచి గట్టు మీద పెట్టడంతో అతని బాధ్యత తీరింది. అక్కడి నుంచి ఆమె కడుపు దాకా ఇంకా ఎంత దారి ఉందో అతనికి ఎప్పుడూ కనపడలేదు. మరి తనకు కనపడుతోంది కదా. కనపడీ కప్పిపెట్టింది తనే.

పెనం మీద కార్జెం చిటపటలాడింది.

"వదినా, వాసనకే సగం కడుపు నిండె. మిగతా సగానికి పంపు," అని వరండాలోంచి వినోద్ కుమార్ కేకేశాడు. మగవాళ్ళు నవ్వారు. వనజమ్మ ప్లేటు అందించింది. దేవకుమారి కార్జెమంతా అందులోకి తీసి, పెనం కింది పొయ్యి ఆపి, పీట వాల్చుకుని ఆ ప్లేటుతో కూర్చుంది.

"ఏంది పాపా, మగోళ్ళు తినకముందే?" అంది వనజమ్మ.

దేవకుమారి ముక్క నోట్లో పెట్టుకుంది. వేడికి నాలుక చురుక్కుమంది.

జోసఫ్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ప్లేటు చూశాడు, ఆమెను చూశాడు. గొంతు తగ్గించి, "వాళ్ళు కాచుకోనుండారు. ఇప్పుడు నేనేం చెప్పాల వాళ్ళకు?" అన్నాడు.

ఆమె తొందరపడకుండా నమిలి మింగింది.

"నాకు రక్తం తక్కువని చెప్పు. వాళ్ళకు తెలిసిందే గదా," అంది. "కూర ఇంకా ఉడకాల. అంతదాకా కూచోమను."