కాల్చని నీలం

గాలి ఎక్కువైన రోజు వేడిగాలి బెలూన్లు ఎగరవు. అవి ఎగరకపోతే, ఎక్కుదామని వచ్చినవాళ్ళంతా పొద్దున్నే టర్కీలోని మా అవానోస్ ఊళ్ళో కుండల దుకాణాల మీద పడతారు. ఆ రోజు నాకు చాకిరీ రెట్టింపు. టీ గ్లాసులు కడగడం, అందరికీ పంచడం, మళ్ళీ కడగడం. మా ఆయన బెకిర్ కాలితో చక్రం తన్ని, ఏటి ఎర్రమట్టిని కూజాగా లేపుతాడు. చప్పట్లు మోగిపోతాయి. అబద్ధమెందుకు, ఆయన చేతిలో మట్టి చెప్పినట్టు వింటుంది.

కానీ ఆ కూజాల మీద, పళ్ళేల మీద తులిప్ పూలు, దానిమ్మలు నావి. ఇరవై రెండేళ్ళుగా వెనక గదిలో, వంటకీ వంటకీ మధ్య, అన్నీ నేనే వేశాను. బట్టీలో పెట్టేముందు ఆయనొచ్చి అడుగున 'బెకిర్ ఉస్తా', అంటే పనిలో ఆరితేరిన బెకిర్, అని సంతకం చేస్తాడు. పెళ్ళయిన కొత్తలో, నా పేరు కూడా రాయమని అడిగాను.

"ఇల్లొకటే కదే, పేర్లు రెండెందుకు?" అన్నాడు.

ద్రాక్షాకుల్లో అన్నం చుడుతున్న మా అత్తగారు, "శుభలేఖ మీద వేశాంగా నీ పేరు, చాల్లేదా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

మొన్న అలాంటి గాలిరోజునే అంకారా నుంచి షూలేగారు వచ్చారు. అక్కడ జరిగే కుండల ప్రదర్శనకి పనివాళ్ళని ఎంపిక చేసేది ఆవిడే. అరలోంచి నేను బొమ్మ వేసిన పళ్ళెం ఒకటి చేతిలోకి తీసుకున్నారు.

"ఈ పళ్ళేనికి బొమ్మ వేసినవాళ్ళు నెల్లాళ్ళు మా దగ్గర అందరి ముందూ కూర్చుని వెయ్యాలి. ఎవరు వేశారు?"

చేతిలో ట్రేతో వెనక గది గుమ్మంలో నిలబడిపోయాను. వెళ్ళాలని ఎంత ఆశ పుట్టిందో! ఆయన నా వైపు చూశాడు. చూసి కూడా, "నేనేనండీ" అన్నాడు.

"అయితే సగం వేసిన పళ్ళెం ఏదైనా తీసుకుని, ఒక్క రేకులో నీలం నింపండి, చూస్తాను."

మా రంగులు బట్టీలో కాలాకే తేలతాయి. పచ్చిగా ఉన్నప్పుడు గిన్నెల్లో అన్నీ బూడిదరంగు, నలుపు, మట్టిరంగు. నీలంలా కనిపించేది ఒక్కటీ ఉండదు. వెనక గదిలో నా పీట మీద కూర్చుని, ఆయన కుంచెతో గిన్నె గిన్నెకీ తచ్చాడాడు.

"నాజిరే, నీలం ఏదే?" అని గొణిగాడు.

మాట నాలిక చివరిదాకా వచ్చింది. మేజోళ్ళెక్కడున్నాయో, మాత్రలెప్పుడు వేసుకోవాలో, చెల్లెలి పిల్లల పేర్లేమిటో, ఇన్నేళ్ళూ ఆయన అడిగీ అడగకముందే అందిస్తూ వచ్చాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. జాలేసింది, నిజంగానే. అయినా నోరు విప్పలేదు. నీలం ఉన్నది బూడిదరంగు గిన్నెలో. ఆయన నల్లగిన్నెలో కుంచె ముంచాడు.

"చెప్పవే, పరువు పోతోంది!" అత్తగారు నా మోచెయ్యి గిల్లారు.

ట్రే ఆవిడ చేతుల్లో పెట్టి, లోపలికి నడిచాను.

"లేవండి," అన్నాను మా ఆయనతో. "నేను కూర్చోవాలి."